బస్సులు వెళ్ళిపోయాక: హాస్టల్ ఉన్న బడిలో వేడుకలు

(హాస్టల్ ఉన్న పాఠశాలల ఉపాధ్యాయులు, వార్డెన్లు, తల్లిదండ్రులు కలిసిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లోవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నాకిచ్చిన అంశం "పాఠశాలలో విద్యార్థి జీవితం, సామూహిక కార్యక్రమాలు". చాలా పెద్ద అంశం. దీన్ని నేను చిన్నది చేసుకుంటాను. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లల గురించే మాట్లాడతాను. చాలా ఏళ్ళు వార్డెన్‌గా వాళ్ళ మధ్యే ఉన్నాను కాబట్టి, నాకు తెలిసింది వాళ్ళే.

ముందుగా ఒక లెక్క. వారానికి 168 గంటలు. రోజుకి ఎనిమిది గంటల నిద్ర తీసేయండి, 56 పోయాయి. ఆరు రోజులు, రోజుకి ఆరేడు గంటలు తరగతులు అనుకుందాం, ఇంకో 40 పోయాయి. మిగిలినవెన్ని? 72. డే స్కాలర్‌కి ఆ 72 గంటలు ఇంట్లో గడుస్తాయి. అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు, పక్కింటి పిల్లలుంటారు, అలిగితే బతిమాలేవాళ్ళుంటారు. హాస్టల్ పిల్లలకి ఆ 72 గంటలూ మన దగ్గరే. మరి మన టైంటేబుల్లో ఆ గంటలకి ఏం పేర్లున్నాయి? స్టడీ అవర్. మెస్. రోల్ కాల్. లైట్స్ ఆఫ్. అంతేనా? ఇంట్లో పెరిగే పిల్లలకి ఆ గంటల్లో దొరికేదంతా, కబుర్లు, పోట్లాటలు, చుట్టాలు రావడం, ఏదో ఒక హడావుడి, అదంతా వీళ్ళకి ఎక్కణ్ణుంచి రావాలి?

బడిలో జరిగే కార్యక్రమాల్లోంచే రావాలి. ఇంకో దారి లేదు. అందుకే అంటున్నాను, డే స్కాలర్‌కి స్కూల్ ఫంక్షన్ అంటే ఒక ఫంక్షన్. హాస్టల్ పిల్లలకి అది ఇంటి జీవితంలో ఒక ముక్క. ఒకే కార్యక్రమం, ఇద్దరికీ రెండు రకాలు. మనం ప్లాన్ చేసేటప్పుడు మాత్రం మొదటివాళ్ళనే మనసులో పెట్టుకుంటాం. కాదంటారా?

వార్షికోత్సవం సాయంత్రాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆఖరి డ్యాన్స్ అయిపోయింది, వందన సమర్పణ అయింది. తల్లిదండ్రులు పిల్లల్ని ఫోటోలు తీసుకుని బండ్లెక్కించుకుంటారు, స్కూల్ బస్సులు కదులుతాయి. అరగంటలో గ్రౌండ్ ఖాళీ. అప్పుడు అక్కడ ఎవరుంటారు? హాస్టల్ పిల్లలు. కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి వేస్తుంటారు. స్టేజి వెనక తెర విప్పుతుంటారు. కింద రాలిన పిన్నులు ఏరుతుంటారు, రేపు పొద్దున చెప్పుల్లేకుండా పరిగెత్తేది వాళ్ళే కదా. కుళాయి దగ్గర వరసగా నిలబడి మొహానికున్న రంగులు కడుక్కుంటుంటారు. ఒకడు ఇందాక మర్చిపోయిన డైలాగుని ఇప్పుడు తప్పు లేకుండా చెప్తాడు. ఇంకొకడు ముఖ్య అతిథి నడిచినట్టు నడుస్తాడు. అందరూ పడీపడీ నవ్వుతారు.

నన్నడిగితే ఆ రోజు అసలు వేడుక అదే. ఆ నవ్వు సాయంత్రం ప్రేక్షకుల ముందు రాలేదు. కానీ సరిగ్గా అప్పుడే మనం ఏం చేస్తాం? విజిల్ వేస్తాం. "టైమైంది, పదండి, పదండి" అంటాం. వార్డెన్లకి నా విన్నపం. ఆ ఒక్క రాత్రి లైట్స్ ఆఫ్‌ని ఒక గంట వెనక్కి జరపండి. మీరు అలసిపోయారని తెలుసు, నేనూ ఆ పని చేసినవాణ్ణే. అయినా జరపండి. ఇంకెవరూ చూడని ఆ గంట వాళ్ళకి వదిలేయండి.

ఇంకో మాట. పెళ్ళికి వచ్చిన పిల్లలకీ, పెళ్ళింటి పిల్లలకీ తేడా చూశారా? వచ్చినవాళ్ళు కూర్చుని చూస్తారు. పెళ్ళింటివాళ్ళు ఇటు పరిగెడతారు, అటు పరిగెడతారు, ఒక్కచోట నిలవరు, ఎవరేం అడిగినా తెచ్చి ఇస్తారు. హాస్టల్ పిల్లలు బడి వేడుకల్లో పెళ్ళింటి పిల్లల్లా తిరగాలి. గట్టిగా చెప్తున్నాను, ఎవరైనా సరే, ఒక్కొక్కరికీ ఏదో ఒక పని అప్పజెప్పాలి. బాగా పాడేవాళ్ళకి, బాగా ఆడేవాళ్ళకి మాత్రమే కాదు. తెర తాడు లాగేవాడు కావాలి, మైకు వైరు కాళ్ళకి తగలకుండా సర్దేవాడు కావాలి, అతిథుల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు కావాలి. తాడు పట్టుకున్న పిల్లవాణ్ణి దగ్గర్నుంచి చూశాను. ఏడో తరగతి, క్లాసులో నోరు తెరవడు. తెర వెనక రెండు చేతులా తాడు పట్టుకుని, స్టేజి మీదున్న వ్యాఖ్యాత పెదాలనే చూస్తూ నిలబడ్డాడు. ఊపిరి కూడా గట్టిగా తీసుకోవడం లేదు. మర్నాడు ఆ అబ్బాయి ఇంటికి ఫోన్ చేసి డ్యాన్సుల గురించి ఒక్క మాట చెప్పలేదు. "తెర ఎక్కడా ఆగలేదమ్మా" అన్నాడు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1915లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వచ్చి శాంతినికేతన్‌లో కొన్నాళ్ళున్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో మొదలుపెట్టిన బడి అది, పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. వంటవాళ్ళు, పనివాళ్ళు లేకుండా మన పనులన్నీ మనమే ఎందుకు చేసుకోకూడదు అని గాంధీగారు ఉపాధ్యాయుల్ని, పిల్లల్ని అడిగారు. ఉపాధ్యాయులు ఒప్పుకుంటే తనకి అభ్యంతరం లేదన్నారు ఠాగూర్. మార్చి 10న మొదలుపెట్టారు. కూరగాయలు తరగడం, ధాన్యం శుభ్రం చేయడం, పెద్దపెద్ద గిన్నెలు తోమడం, అంతా పిల్లలూ ఉపాధ్యాయులే. గాంధీగారి ఆత్మకథలో ఇక్కడొక చిన్న వివరం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. గిన్నెలు తోమేవాళ్ళకి విసుగు రాకుండా కొంతమంది పిల్లలు పక్కన కూర్చుని సితార్ వాయించేవారట. ఊహించుకోండి. ఒకపక్క గిన్నెల చప్పుడు, ఒకపక్క సితార్!

ఆ ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు. కానీ మార్చి 10 మాత్రం శాంతినికేతన్‌లో "గాంధీ పుణ్యాహ" పేరుతో నిలిచిపోయింది. ఆ రోజు పనివాళ్ళకి సెలవు. ఊడ్చడం, కడగడం, వండడం పిల్లలు, ఉపాధ్యాయులు చేస్తారు. మన మెస్‌లో పనిచేసే అక్కల పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? రాత్రిపూట గేటు దగ్గర ఉండే అన్న ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయిందో ఎవరికి తెలుసు? హాస్టల్ బడిలో సమాజం అంటే పిల్లలు, టీచర్లు మాత్రమే కాదు. వీళ్ళు కూడా. ఏడాదికి ఒక్కరోజు వాళ్ళు కుర్చీల్లో కూర్చోవాలి, మనం వడ్డించాలి. ఆ రోజుకి మైకు అక్కర్లేదు, ఫ్లెక్సీ అసలే అక్కర్లేదు.

ఇక తల్లిదండ్రులు వచ్చే రోజు గురించి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే హాస్టల్లో అన్నిటికన్నా కష్టమైన రోజు అదే. అందరూ సంతోషంగా ఉండే రోజు కదా అనుకుంటారు. అందరి తల్లిదండ్రులూ రారు. దూరాభారం కావచ్చు, కూలిపని కావచ్చు, ఇంట్లో జబ్బు కావచ్చు, కొందరికి వచ్చేవాళ్ళే లేకపోవచ్చు. పొద్దున్నే అందరూ తల దువ్వుకుని కిటికీల దగ్గర చేరతారు. పదకొండయ్యేసరికి కిటికీల దగ్గర కొందరే మిగులుతారు. వాళ్ళని అడగండి, "మావాళ్ళు రారులెండి సార్, పనులుంటాయి" అంటారు. చాలా మామూలుగా అంటారు. ఆ మామూలు మాట వెనక ఏముందో మనకి తెలియాలి.

కొన్ని బడుల్లో అలాంటి పిల్లలందరినీ ఒకచోట చేర్చి సినిమా వేస్తారు. మంచి ఉద్దేశమే. కానీ ఆ గదిలో కూర్చోవడమంటే "నాకెవరూ రాలేదు" అని అందరికీ చెప్పుకోవడం కదా? అందుకని మేం వేరే పద్ధతి పెట్టాం. వచ్చే ప్రతి కుటుంబానికీ ముందే కబురు పంపాం, "మీ పిల్లతోపాటు తన స్నేహితురాలు ఒకరిని కూడా మీతో కూర్చోబెట్టుకోండి" అని. ఎవరిని అన్నది పిల్లే ఎంచుకుంటుంది. మేం జతలు కలపం, జాబితా వేయం. అప్పుడు ఆ రెండో పిల్ల ఎవరూ రాని పిల్లలా రాదు, స్నేహితురాలిలా వస్తుంది. ఒక తల్లి చెట్టు కింద కూర్చుని కూతురికి జడ వేయడం చూశాను. వేయడం అయింది. పక్కన కూర్చున్న పిల్లని ఏమీ అడగకుండానే ఇటు తిప్పుకుంది, రిబ్బను విప్పింది, చిక్కు తీసి జడ వేయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల కదలకుండా కూర్చుంది. జడ త్వరగా అయిపోకూడదన్నట్టు కూర్చుంది. ఇక్కడున్న తల్లులకి చెప్పేది ఇదే. మీరు వచ్చేటప్పుడు మీ బిడ్డ కోసమే రాకండి.

ఇంటి మీద బెంగ గురించి కూడా చెప్పాలి, వేడుకలకీ దానికీ సంబంధం ఉంది కాబట్టి. క్రిస్టఫర్ థర్బర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఎడ్వర్డ్ వాల్టన్ అనే పిల్లల వైద్యుడు ఈ బెంగ మీద వైద్యులకోసం 2007లో ఒక నివేదిక రాశారు. దాంట్లో తల్లిదండ్రులకిచ్చిన సలహాల్లో ముఖ్యమైనది, "నచ్చకపోతే వచ్చి తీసుకెళ్ళిపోతాలే" అని ముందే మాట ఇవ్వొద్దని. ఆ మాట ఇస్తే పిల్లవాడు అక్కడ ఎలా ఉండాలా అని ఆలోచించడు, ఎప్పుడు వస్తారా అని ఎదురుచూస్తాడు. రెండోది, ఒకేసారి నెలల తరబడి దూరం పంపకుండా, ముందు రెండు మూడు రోజులు బంధువుల ఇళ్ళలో ఉండే అలవాటు చేయమని. ఈ సలహాలు మీలో చాలామందికి పనికొస్తాయి. కొత్తగా చేర్చేవాళ్ళు రాసుకోండి.

బెంగ ఎప్పుడు ఎక్కువవుతుంది? నా అనుభవంలో చేతికి పనిలేనప్పుడు. ఆదివారం మధ్యాహ్నం. పరీక్షలయిపోయిన సాయంత్రం. సెలవుల నుంచి తిరిగొచ్చిన మొదటి రాత్రి. అంటే మన క్యాలెండర్లో ఏమీ లేని చోట్లే. మనమేమో వేడుకలన్నీ పెద్ద తేదీల్లో పెడతాం, పాఠాలు జోరుగా నడిచే రోజుల్లో రిహార్సల్స్ పెట్టి పిల్లలకి టెన్షన్ పెడతాం. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఖాళీగా వదిలేస్తాం. ఏడాదికొక పెద్ద ఉత్సవం కన్నా వారంవారం ఒక చిన్న కూడిక ఎక్కువ మేలు చేస్తుంది. నెలలో పుట్టినరోజులున్న పిల్లలందరి పేర్లూ బోర్డు మీద రాసి ఒక గంట పాటలు పాడుకోండి. కథలు చెప్పించండి. ట్రంకు పెట్టెలు సర్దుకునే పోటీ పెట్టినా సరే.

బెంగని తేలిగ్గా తీసుకునేవాళ్ళకి ఇంకో మాట. జాయ్ షావెరియన్ అనే బ్రిటిష్ మానసిక చికిత్సకురాలు చిన్నతనంలోనే హాస్టళ్ళకి వెళ్ళి, పెద్దయ్యాక తన దగ్గరికి వచ్చినవాళ్ళని గమనించి, వాళ్ళలో కనబడిన మానసిక ఇబ్బందులకి 2011లో "బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. నన్ను వదిలేశారు అన్న భావం, ఇల్లు పోగొట్టుకున్న దుఃఖం, బందీనయ్యానన్న భావం, చివరికి మనసుని మూసేసుకోవడం, ఇవి ఆమె చెప్పిన లక్షణాలు. ఏడవని పిల్లవాణ్ణి చూసి "వీడు బాగా అలవాటు పడ్డాడు" అంటాం చూడండి, అక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఫోన్ దగ్గర క్యూలో ప్రతివారం తన వంతు వేరేవాళ్ళకి ఇచ్చేసే పిల్లవాడు మంచివాడే. కానీ ఎందుకిస్తున్నాడో ఒకసారి పక్కన కూర్చుని అడగండి.

వేడుకలంటే ఆటపాటలేనా? కాదు. పిల్లలు కూర్చుని మాట్లాడుకునే సమావేశం కూడా నా లెక్కలో వేడుకే. ఏ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టిన సమ్మర్‌హిల్ ఇంగ్లండ్‌లో ఉంది, అదీ హాస్టల్ బడే. అక్కడ బడి నియమాలు చాలావరకు సమావేశంలో ఓటు వేసి నిర్ణయించుకుంటారు. చిన్నపిల్లవాడికీ ఒక ఓటే, ప్రిన్సిపాల్‌కీ ఒక ఓటే. 1999లో ప్రభుత్వ తనిఖీ అధికారులతో వివాదం వచ్చి, 2000 మార్చిలో కేసు లండన్‌లో విచారణకి వచ్చింది. రాజీ ప్రతిపాదన వచ్చినప్పుడు, ఒప్పుకోవాలా వద్దా అని పిల్లలు ఆ కోర్టు గదిలోనే సమావేశం పెట్టుకుని ఓటు వేశారు. అదీ అలవాటంటే. మనం అంత దూరం వెళ్ళలేకపోవచ్చు. స్నానాల గదుల దగ్గర వరస ఎలా ఉండాలి, టీవీలో ఏం పెట్టాలి, ఔటింగ్ ఎక్కడికి, ఈ మూడూ పిల్లలకి అప్పజెప్పలేమా? నేను అప్పజెప్పాను. మొదట గోల చేశారు, తర్వాత వాళ్ళే టైమ్ పెట్టుకున్నారు.

బడి గోడ అవతల ఉన్నవాళ్ళ సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. 1962లో వేల్స్ సముద్రతీరంలో అట్లాంటిక్ కాలేజ్ మొదలైంది, కుర్ట్ హాన్ అనే విద్యావేత్త ఆలోచనతో. వేరువేరు దేశాల పిల్లలు ఒకచోట ఉండి చదువుకునే చోటు. అక్కడి పిల్లలు సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడే పనికి శిక్షణ తీసుకుని పడవలు నడిపేవారు. మొదటి ప్రిన్సిపాల్ డెస్మండ్ హోర్ నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు. ఆయనా పిల్లలూ కలిసి గట్టి అడుగు, గాలి నింపిన అంచులు ఉండే ఒక రకం పడవని తయారుచేశారు. ప్రపంచమంతటా తీరరక్షక దళాలు ఇప్పుడు వాడే పడవలకి అది మూలం. పదహారు పదిహేడేళ్ళ పిల్లలండీ! మన పిల్లల్ని చుట్టుపక్కలవాళ్ళ దగ్గరికి ఎందుకు తీసుకెళ్తున్నాం మనం? ఎక్కువసార్లు ర్యాలీలో బ్యానర్ పట్టుకోవడానికి. అది కాదు నేననేది. ఒక పని పట్టుకుని ఏడాది పొడుగునా చేయాలి. వృద్ధులకి పేపర్ చదివి వినిపించడమైనా సరే, అదే మనిషి దగ్గరికి, అదే రోజున వెళ్ళాలి. తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిసిన పిల్లవాడికి ఆదివారం మధ్యాహ్నం భయం వేయదు.

వేరే భాష మాట్లాడే పిల్లల్ని మర్చిపోవద్దు. నవోదయ విద్యాలయాల్లో తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఒక ఏడాది పాటు ఇంకో భాష మాట్లాడే ప్రాంతంలోని విద్యాలయానికి పంపుతారు. అలా వచ్చినవాళ్ళకి స్టేజి మీద "అతిథి ప్రదర్శన" అని ఐదు నిమిషాలు ఇచ్చి ఊరుకోకండి. వాళ్ళ పాట ఒకటి మనవాళ్ళందరూ నేర్చుకోవాలి, వాళ్ళే నేర్పాలి. నేర్పేవాడు ఆ రోజు నుంచి కొత్తవాడిగా ఉండడు.

అలాగే మౌనానికి కూడా చోటు ఉంచండి. మదనపల్లె దగ్గరున్న రిషి వ్యాలీ స్కూల్లో "అస్తాచల్" అని ఒక అలవాటుంది. సాయంత్రం పిల్లలు ఒకచోట చేరి మాట్లాడకుండా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. గ్వాలియర్‌లోని సింధియా స్కూల్లోనూ ఈ అలవాటు ఉంది. హాస్టల్లో పిల్లలకి దొరకనిది ఏకాంతం. పడుకునేది పదిమందిలో, తినేది వందమందిలో. అందరూ కలిసి ఉంటూనే ఎవరికి వాళ్ళు కాసేపు ఉండగలిగే కార్యక్రమం ఇంతకన్నా సులువైనది నాకు కనబడలేదు. ఖర్చు కూడా లేదు.

యాజమాన్యాలకి ఒక విషయం నిర్మొహమాటంగా చెప్పాలి. నేను పనిచేసిన ఒక బడిలో స్పోర్ట్స్ డే రోజున ముఖ్య అతిథి రావడం బాగా ఆలస్యమైంది. పిల్లలు యూనిఫాంలో ఎండలో వరసల్లో నిలబడే ఉన్నారు. ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. డే స్కాలర్ల తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లల్ని నీడలోకి తీసుకెళ్ళారు. హాస్టల్ పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఎవరున్నారు? ఆ వరసలోంచి వాళ్ళని కదిపే అధికారం ఆ రోజు వార్డెన్‌కి లేదు. వార్డెన్‌కి ఆ అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ కార్యక్రమంలోనైనా సరే, ఎవరొచ్చినా సరే, పిల్లల ఆరోగ్యం విషయంలో వార్డెన్ మాటే చెల్లాలి. తల్లిదండ్రులు పక్కన లేని పిల్లల తరఫున అక్కడ నిలబడేది ఆ మనిషే.

టైమ్ అయిపోతోందని చీటీ వచ్చింది. ఒక్క విషయం చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. కొద్ది రోజుల్లో మీ అందరి బడుల్లోనూ వచ్చే ఏడాది క్యాలెండర్ వేస్తారు. ఆ గదిలో ప్రిన్సిపాల్ ఉంటారు, సీనియర్ టీచర్లు ఉంటారు. ఈసారి హాస్టల్ నుంచి ఇద్దరు పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, ఒకరు పెద్ద క్లాసు, ఒకరు చిన్న క్లాసు. వార్డెన్ కూడా ఉండాలి. పెద్ద తేదీలు రాసే ముందు ఖాళీ ఆదివారాలకి చుక్కలు పెట్టమని ఆ చిన్న క్లాసు పిల్లకి పెన్సిల్ ఇవ్వండి. ఎక్కడ ఖాళీ ఉందో మనకన్నా తనకే బాగా తెలుసు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. మూడో వరుసలో అమ్మ ఇందాకట్నుంచీ చెయ్యి ఎత్తి ఉన్నారు, ముందు మైకు వారికి ఇవ్వండి.